గాలిమేడ కిటికీలు

నీళ్లు తెర్లుతున్నాయి. ఉప్పు వేయకూడదు. ఆ ఇంట్లో వండే వాటన్నిటికీ ఉప్పు ఉంది, ఈ ఒక్కదానికే లేదు. ఫ్యాక్టరీ నుంచి పొద్దున్నే స్టీలు డబ్బాలో వచ్చిన పాస్తాని గుప్పెడు తీసి, మరుగుతున్న వట్టి నీళ్లలో వేసి, ఒకసారి కలిపి, పొయ్యి పక్కనే నిలబడి, ఉడికిందనిపించగానే ఒక పోగు తీసి నోట్లో వేసుకోవాలి. నూనె లేదు, కారం లేదు, కూర్చోవడం లేదు. నమిలి, మింగి, గోడకున్న ఫోనెత్తి "పంపండి" అనాలి. అవతల డిస్పాచ్ గుమాస్తా "అలాగేనమ్మగారూ" అని పెట్టేస్తాడు. అప్పుడు లారీలు కదులుతాయి.

ఆమె నోటినుంచి ఆ ముక్క రానిదే ఫ్యాక్టరీ గేటు దాటి ఒక్క ప్యాకెట్ కూడా పోదు. వినడానికి మహారాణి వైభోగంలా ఉంటుంది. ఇంటికొచ్చిన వ్యాపారస్తులతో ఆమె భర్త అలాగే చెబుతాడు కూడా. "మా క్వాలిటీ కంట్రోల్ డిపార్ట్‌మెంట్ పొయ్యి దగ్గరుంటుందండీ. జీతం అడగదు, సెలవు పెట్టదు, యూనియన్ అసలే లేదు." అందరూ నవ్వుతారు. ఆ నవ్వు పూర్తయ్యేసరికి డిపార్ట్‌మెంట్ టీ ట్రే పట్టుకుని వస్తుంది. ఎవరికి చక్కెర తక్కువో, ఎవరికి అసలు వద్దో కూడా దానికి తెలుసు.

అత్తగారు ఉన్నన్నాళ్లూ ఆమెను పిచ్చుక అని పిలిచేది. ఇప్పుడు భర్త "ఇదిగో" అంటాడు, కొడుకు "అమ్మా" అంటాడు, ఫ్యాక్టరీలో అందరికీ అమ్మగారు. పిలిచేవాళ్లు లేక ఆ పేరు ఓ మూల పడి ఉంది గనక మనం వాడుకుందాం.

తిని చెప్పే ఈ ఆనవాయితీ పెట్టింది భర్తగారి తాత. ప్యాకెట్ మీద మీసాలతో ఉండేది ఆయనే. ఇంటి వీధిగదిలో ఒక చెక్క మర పెట్టుకుని, పిండి కలిపి, కంచు అచ్చులోంచి పోగులు దింపి అమ్మడంతో మొదలుపెట్టాడు. మీసం ఆయనదే గానీ మర తిప్పిన చేతులు ఆయన భార్యవి. ప్యాకెట్ మీద అంత చోటు లేక ఆ సంగతి వేయలేదు. ఒకసారి సరిగ్గా ఆరని సరుకు బజారుకు పోయి, బూజు పట్టి మొత్తం తిరిగొచ్చిందట. ఊళ్లో తలెత్తుకోలేక ఆ రోజు తాతగారు శాసనం చేశాడు: ఇంటి ఇల్లాలు తిని "పంపండి" అంటేనే బండి కదలాలి. కొత్త కోడలుగా ఆ కథ విని పిచ్చుక మురిసిపోతే అత్తగారు నెత్తిమీద చిన్న మొట్టికాయ వేసింది. "గౌరవం అనుకునేవు. సరుకు పాడైతే తిట్టడానికి ఇంట్లో ఒక మనిషి ఉండాలి కదా. అందుకిచ్చిన పదవి ఇది."

అయినా ఆ మాట రాన్రాను రాతి మీద గీతైపోయింది. అత్తగారు పోయిన రోజు, అంత గొడవలో అడిగేవాళ్లూ చెప్పేవాళ్లూ లేక, భర్త తనే లారీలు పంపించేశాడు. ఆ సరుకంతా దుకాణాల్లో ప్యాకెట్లలోనే ముక్కలు ముక్కలైంది. ఆ వారమంతా ఆవిడ మంచం చుట్టూ అందరూ తిరుగుతుంటే మరల దగ్గర ఎవరూ సరిగ్గా నిలబడలేదు, అసలు కారణం అంతే. కానీ అప్పటినుంచీ భర్తకి దేవుడి మీద లేని భయం ఆ ఒక్క ముక్క మీద పట్టుకుంది. డ్రైవర్లకైతే చెప్పనే అక్కర్లేదు. పిచ్చుక ఊరెళ్లాల్సొస్తే ఒక రోజు ముందే రెండు రోజుల సరుకూ తిని వెళ్లాలి. అలా తినలేక చాలాసార్లు వెళ్లడమే మానేసింది.

ఇంటికీ ఫ్యాక్టరీకీ మధ్య ఒకటే గోడ. వంటింటి వెనక ఇనుప మెట్లెక్కితే, ఫ్యాక్టరీ నెత్తిన ఒక పొడవాటి గది ఉంది. రెండువైపులా వరసగా కిటికీలు, ఈ గోడ నుంచి ఆ గోడకి కర్రలు. ఒకప్పుడు కింద మరలోంచి దిగిన పచ్చి పోగుల్ని ఆ కర్రల మీద వేలాడదీసి గాలికి ఆరబెట్టేవాళ్లు. మామగారు దాన్ని గాలిమేడ అనేవారు. "అందరూ గాలిమేడలు కట్టి చెడిపోతారు, మేం కట్టి బాగుపడ్డాం" అని ఆయన జోకు. చెప్పిందే చెప్పి, ఎదుటివాడికంటే ముందు తనే నవ్వేవారు.

పిచ్చుక ఆ ఇంటికి వచ్చిన కొత్తలోనే అత్తగారు ఆమెను మేడ మీదికి తీసుకెళ్లింది. గదినిండా పోగులు, తెల్లగా, ఇంకా తడిగా, గాలికి ఒకేసారి అటూ ఇటూ కదులుతున్నాయి. పచ్చి పిండి వాసన. పిచ్చుక గుమ్మంలోనే నిలబడిపోయింది. "చూసింది చాలు, రా" అంది అత్తగారు. మొదట అన్ని కిటికీలూ తెరిచి పైతడి లాగించాలి. పైన పొర గట్టిపడగానే అన్నీ మూసెయ్యాలి. మూసిన గదిలో పోగులకి చెమట పడుతుంది. లోపలున్న తడి మెల్లగా పైకి వస్తుంది. అప్పుడు మళ్లీ తెరవాలి. ఎప్పుడు తెరవాలో, ఎంత తెరవాలో ఎవరూ చెప్పలేరు. పోగుని చెంపకి ఆనించి తెలుసుకోవాలి. "పైకి ఆరిందని మురిసిపోకు. లోతడి బయటికి రావాలి. దానికి వ్యవధి ఇవ్వాలి. తొందరపెడితే అప్పటికి బాగానే ఉంటుంది, నాలుగు రోజులు పోయాక ఎవరూ ముట్టుకోకుండానే టపటపా విరుగుతుంది."

కర్రల కింద తల వంచి ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి పిచ్చుక పరిగెత్తుతుంటే ఆవిడ నవ్వి ఆ పేరు పెట్టింది. కింద వంటింట్లో ఆవిడ అచ్చంగా అత్తగారే. గిన్నె మీద మూత వంకరగా ఉంటే పుట్టింటివాళ్ల దాకా వెళ్లేది. మేడ మీద మాత్రం వేరే మనిషి. జుట్టు ముడి విప్పేసేది. శ్రుతి లేకుండా పాడేది. గాలి పడమటికి తిరిగితే "అదిగో వచ్చాడు దొంగ" అని గాలిని తిట్టేది. ఇద్దరూ కిటికీ అరుగు మీద కాళ్లు చాపుకు కూర్చుని తెచ్చుకున్నది తినేవాళ్లు. ఎవరో పిలిచే దాకా కిందికి దిగేవాళ్లు కాదు, పిలిచినా ఒకసారికి వినపడనట్టే ఉండేవాళ్లు. తనకేం కావాలో పిచ్చుకకి సందేహం లేకుండా తెలిసిన చోటు భూమ్మీద అదొక్కటే. అక్కడ ఆమె చెయ్యి పెడితే పని అయ్యేది. ఆమె చెంప చెప్పిందే మాట.

మామగారు పోయాక పగ్గాలు భర్త చేతికొచ్చాయి. ఆయన తెలివైనవాడు, కష్టపడేవాడు, కాదనలేం. వేడిగాలితో ఆరబెట్టే పెట్టెలు తెప్పించాడు. వారం పట్టే పని ఒక పూటలో అయిపోసాగింది. పక్క స్థలం కొన్నాడు, ఇంకో షెడ్డు లేచింది, ప్యాకెట్ మీద తాతగారి మీసానికి రంగులొచ్చాయి. గాలిమేడ కిటికీలకు గడియలు పడ్డాయి, అట్టపెట్టెలు చేరాయి. "ఇక నువ్వు ఎండనకా వాననకా మెట్లెక్కక్కర్లేదు. హాయిగా ఇంట్లో ఉండు" అన్నాడు. ఆ హాయి ఎలా ఉంటుందో పిచ్చుకకి త్వరలోనే తెలిసింది. పనివాళ్ల టీలు, పిల్లాడి చదువు, వచ్చేపోయేవాళ్ల భోజనాలు, మంచం పట్టిన అత్తగారు, పొద్దున్నే ఉప్పు లేని గుప్పెడు. రాత్రికి నడుం వాల్చేసరికి హాయి కాళ్లలోకి దిగి పీకేది.

"ఏమండీ, ఒక్క వరస కర్రలైనా ఉంచండి. కాస్త సరుకు నేను ఆరబెడతాను" అని అడిగింది.

"చూద్దాం. పరిస్థితిని బట్టి" అన్నాడు.

పిల్లాడు బడికి వెళ్లడం మొదలయ్యాక మళ్లీ అడిగింది. చూద్దాం, పరిస్థితిని బట్టి. రెండో షెడ్డు లేచాక అడిగింది. వాడు కాలేజీకి వెళ్లాక అడిగింది. ఆయన కాదనడు, అదే వచ్చిన చిక్కు. కాదంటే ఒక పూట ఏడ్చి ఊరుకునేది. "చూద్దాం" అన్నాక ఎదురుచూడక తప్పదు కదా. అలా ఎదురుచూస్తూ ఉండగానే జుట్టు నెరిసింది.

మంచం మీద ఉన్న రోజుల్లో అత్తగారు మధ్యాహ్నాలు కళ్లు తెరిచి "గాలి ఎటుందే పిచ్చుకా?" అని అడిగేది. పిచ్చుక పెరట్లోకి వెళ్లి, వేలు తడిపి గాలిలో పెట్టి, వచ్చి చెప్పేది. "అయితే ఇవాళ తూర్పు కిటికీలు సగమే" అనేది ఆవిడ. "సగమేలే అత్తయ్యా" అనేది ఈమె. ఆ కబురుతో ఆ ఇంట్లో ఎవరికీ పని లేదు. ఆవిడ పోయాక కూడా పిచ్చుక బట్టలు ఆరేస్తూ వేలు తడిపి చూసుకుంటూనే ఉంది. ఇవాళ సగం, ఇవాళ పూర్తిగా, ఇవాళ మూసే ఉంచాలి. చెప్పుకోవడానికి మనిషి లేడు, తెరవడానికి కిటికీ లేదు. అలాంటప్పుడు తడిబట్ట మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు అలాగే నిలబడేది.

ఇప్పుడు కొడుకు చేతికొచ్చాడు. వాడిది నాలుగో తరం. ఒకరోజు భోజనాల దగ్గర కొత్త ప్యాకెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మీసాల కింద పెద్ద అక్షరాలతో "గాలికి ఆరినది" అని ఉంది.

"పెట్టెల్లో కదరా ఆరేది. ఇది అబద్ధం కదూ?" అంది పిచ్చుక.

"అబద్ధం కాదమ్మా, జ్ఞాపకం. జనం ఇప్పుడు కొనేది జ్ఞాపకాలనే" అన్నాడు వాడు, అన్నం కలుపుకుంటూ. మేడ మీద ఒక చిన్న ప్రకటన సినిమా తీయబోతున్నారు. అది అయిపోగానే కర్రలూ కిటికీలూ పీకేసి, అక్కడ ఆఫీసు గదులు కట్టి, కింద నుంచి లిఫ్టు వేస్తారు. వడ్రంగులకి చెప్పేశారు కూడా. పిచ్చుక గరిటె గిన్నెలోనే వదిలేసి భర్త మొహం చూసింది.

"ఏమండీ, ఆ ఒక్క వరస..."

"సినిమా అవనీ. పరిస్థితిని బట్టి చూద్దాం" అన్నాడాయన. పీకేసిన కిటికీల గురించి ఏ పరిస్థితిని బట్టి చూస్తారో ఆమెకి అర్థం కాలేదు.

సినిమావాళ్లు వచ్చారు. అట్టపెట్టెలు దింపి, మేడంతా కడిగి, కిటికీ అద్దాలకి మాత్రం దుమ్ము అలాగే ఉంచారు, పాతగా కనపడాలట. తాతగారి భార్య వేషానికి ఒక నటిని తెచ్చారు. చిన్న పిల్లే, జుట్టుకి తెల్లరంగు పూశారు. కింద నుంచి పచ్చి పోగులు తెచ్చి ఇస్తే, ఆ అమ్మాయి కర్రతో ఎత్తి పైన వేలాడదీయాలి. పిచ్చుక టీ ట్రేతో మెట్లెక్కి వచ్చేసరికి పోగులన్నీ నేల మీదున్నాయి. రెండోసారి ఎత్తింది, మళ్లీ జారాయి. భర్త ముందుకొచ్చి "ఇలా కాదమ్మా, మా నాన్నగారు ఎలా చేసేవారంటే..." అని తను ఎత్తాడు. ఆయన చేతిలోంచి ఇంకా త్వరగా జారాయి.

పిచ్చుక ట్రే కిటికీ అరుగు మీద పెట్టింది. ఎవరినీ అడగలేదు. "కర్రని తిన్నగా పట్టుకోకూడదమ్మా. కాస్త నీ వైపు వంచి, పోగుల కిందికి పోనిచ్చి, ఒక్క ఊపున ఎత్తాలి. భయపడితే జారతాయి." చెబుతూనే ఎత్తింది. పోగులు కర్ర మీదికి వచ్చి కూర్చున్నాయి. ఇంకో కర్ర. ఇంకోటి. ఇన్నేళ్లుగా ఎటు పోయాయో అనుకున్న చేతులు ఎటూ పోలేదు, ఇక్కడే ఉన్నాయి. తల వంచి కర్రల కిందికి దూరింది, అవతల తేలింది.

"ఆవిడ చేతులు తీసుకుందాం" అన్నాడు డైరెక్టరు. ఉంగరం తీసెయ్యమన్నారు, తీసింది. అలా సినిమాలో మొహం ఆ అమ్మాయిదీ, చేతులు పిచ్చుకవీ అయ్యాయి. చేతులు ఒకరివీ మొహం ఇంకొకరిదీ కావడం ఆ ఇంటికి కొత్తేం కాదు.

టీ తాగుతూ నటి దగ్గరికొచ్చింది. "ఇంత బాగా చేస్తారు కదా. ఎందుకు మానేశారండీ?"

ఆ ప్రశ్న పిచ్చుకని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఆమె నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు. "ఇప్పుడావిడకి ఆ అవస్థ లేదమ్మా. హాయిగా ఉంది."

"అవునా అండీ?" అంది ఆ అమ్మాయి, ఆయన్ని కాదు, ఆమెనే చూస్తూ.

"టీ చల్లారిపోతోంది, తాగమ్మా" అంది పిచ్చుక. కిందికి దిగి, పంపు తిప్పి, కడిగిన గ్లాసులే మళ్లీ కడిగింది. మానేశానా? నేనెప్పుడు మానేశాను? మానేసేవాళ్లకి ఒకరోజు ఉంటుంది కదా, ఇవాళ్టితో చాలు అనుకునే రోజు. నాకలాంటి రోజేదీ గుర్తులేదే. చూద్దాం అన్నారు, చూస్తూ ఉన్నాను. అంతే కదా జరిగింది.

సాయంత్రానికి సినిమావాళ్లు సర్దుకున్నారు. "ఆ వేలాడదీసినవి రేపెవరో పారేస్తారులే. ఎల్లుండి నుంచి వడ్రంగులు" అంటూ భర్త స్నానానికి వెళ్లాడు. పిచ్చుక పొయ్యి మీద కూర దించి, సుత్తి తీసుకుని మేడెక్కింది. సినిమా దీపాల వేడికి గది ఇంకా ఉడికిపోతోంది. ఒక పోగుని చెంపకి ఆనించింది. పచ్చి తడి. తుప్పు పట్టిన గడియల్ని ఒక్కొక్కటిగా కొట్టి కిటికీలు తెరిచింది. గాలి లోపలికొచ్చి పోగులన్నీ ఒకేసారి కదిలాయి. "దక్షిణం గాలి అత్తయ్యా" అంది పైకే. భోజనానికి ఆలస్యమైందని భర్త అడిగితే "పైకెళ్లాను" అంది. "పైన ఏముంది?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు, టీవీ పెట్టుకున్నాడు. పడుకోబోయే ముందు ఆమె వెళ్లి కిటికీలు మూసొచ్చింది. పైపొర గట్టిపడింది, ఇక చెమట పట్టాలి.

తెల్లవారింది. కొత్త ప్యాకెట్లు మొదటిసారి బజారుకి వెళ్లే రోజు. గేటు దగ్గర లారీలు వరసగా నిలబడ్డాయి, ఆఫీసులో అతిథులు. డబ్బా వచ్చింది, నీళ్లు తెర్లాయి, గుప్పెడు వేసింది, ఒక పోగు నోట్లో పెట్టుకుంది. సరుకు బాగుంది. లేని వంక పెట్టడం ఆమెకి చేతకాదు. ఫోనెత్తింది.

"పంపమంటారా అమ్మగారూ?" అన్నాడు గుమాస్తా.

ఆ మాట ఎప్పటిలాగే నాలుక చివరికొచ్చింది. ఎదురుగా బల్ల మీద కొత్త ప్యాకెట్ ఉంది. గాలికి ఆరినది. తన నోటితో తిని, తన నోటితోనే పంపాలి దాన్ని. రేపు వడ్రంగుల చప్పుడు వింటూ కూడా ఇక్కడే నిలబడి, ఇలాగే నమిలి, ఇలాగే పంపాలి.

"ఆగమను" అంది.

"ఏమైనా తేడాగా ఉందా అమ్మగారూ?"

"సరుకులో ఏం లేదు" అని పెట్టేసి, పొయ్యి కట్టేసి, మేడెక్కింది.

మొదట వంటింట్లో ఫోను మోగింది. చాలాసేపు మోగి ఊరుకుంది. తర్వాత ఇనుప మెట్ల మీద అడుగులు. భర్త ఆయాసపడుతూ వచ్చాడు, వెనక కొడుకు. ఆమె ఒక పోగుని చెంపకి ఆనించి కళ్లు మూసుకుని ఉంది.

"కింద మనుషులు కూర్చున్నారు. లారీలు నిలబడ్డాయి. ఒక్క ముక్క అనడానికి నీకేం కష్టం?" అన్నాడు భర్త.

"ఇన్నేళ్లూ ఏం కష్టం లేదు. అందుకే అనేశాను."

"అమ్మా, ఇది ఊరికే ఆనవాయితీ. నాన్న పంపించెయ్యగలరు తెలుసా" అన్నాడు కొడుకు.

"అలాగే చెయ్యమను."

కొడుకు తండ్రి వంక చూశాడు. తండ్రి కదల్లేదు. వాళ్లమ్మ పోయిన రోజు ఆయన మొహం ఎలా ఉందో పిచ్చుకకి గుర్తుంది. ఇప్పుడూ అలాగే ఉంది. కాస్త జాలేసింది కూడా. కానీ జాలి పడి పడి తను ఎక్కడికొచ్చిందో ఆమెకి తెలుసు.

"నీకేం కావాలి?" అన్నాడాయన, చివరికి, మామూలు గొంతుతో.

"ఈ గది కావాలి. అడుగుతూనే ఉన్నాను. వడ్రంగుల్ని రావద్దనండి. ప్యాకెట్ మీద గాలికి ఆరినది అని వేశారు కదా, మీ సరుకంతట్లోనూ గాలికి ఆరేది ఇదిగో, ఇదొక్కటే. ఇది ఆరాక దించి ఉడకబెడతాను. ఉప్పేసుకుని, కూర్చుని తింటాను. తిన్నాక చెప్తాను, పంపాలో వద్దో."

"అది ఎప్పటికి ఆరుతుంది?"

పిచ్చుక తూర్పు కిటికీ గడియ తీసింది. వేలు తడిపి బయటికి చాపి, కాసేపు అలాగే ఉంచింది.

"చూద్దాం" అంది. "గాలిని బట్టి."